క్రిమి పంటి లోపల, పోరు పంటి బయట: రూట్ కెనాల్ ఇన్ఫెక్షన్‌లో అసలు ఏం జరుగుతుంది?

రెండు పళ్ల సంగతి చూద్దాం. ఒకరిని పన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. వేడిది తగిలితే ప్రాణం పోయినంత పనవుతోంది. ఎక్స్‌రే తీస్తే మాత్రం వేరు చుట్టూ ఎముక శుభ్రంగా ఉంది. ఇంకొకరికి ఏ నొప్పీ లేదు. వేరే పన్ను కోసం తీసిన ఎక్స్‌రేలో, ఎప్పుడో పుచ్చి వదిలేసిన దవడ పన్ను వేరు కొసన చిటికెన వేలి గోరులో సగమంత నల్లటి మచ్చ కనబడింది.

మొదటివారు "ఇంత నొప్పి ఉంటే ఎక్స్‌రేలో ఏమీ లేదంటారేంటి?" అని అనుమానపడతారు. రెండోవారు "నొప్పే లేనప్పుడు రూట్ కెనాల్ దేనికి, డబ్బుల కోసమా?" అని అనుమానపడతారు. ఇద్దరి అనుమానమూ సహజమే. నొప్పి ఎక్కువుంటే జబ్బు ఎక్కువని, నొప్పి పోతే జబ్బు పోయిందని మనకు ఒళ్లు నేర్పిన లెక్క. పంటి వేరు దగ్గర ఈ లెక్క తప్పుతుంది. క్రిములు కాపురం ఉండే చోటు ఒకటి, ఒళ్లు వాటితో పోరాడే చోటు ఇంకొకటి. రెండింటికీ మధ్య, వేరు కొసన, మామూలుగా అర మిల్లీమీటరు లోపుండే సన్నటి రంధ్రం. రూట్ కెనాల్ గురించి జనం అడిగే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఆ ఏర్పాటులోనే ఉంది.

"వాపు", "ఇన్ఫెక్షన్", "నరం": మూడు మాటలు, మూడు చిక్కులు

తెలుగులో వాపు అనగానే బుగ్గ ఉబ్బడమే గుర్తొస్తుంది. వైద్యులు ఇన్‌ఫ్లమేషన్ అనేది అంతకంటే పెద్ద సంగతి. పుస్తకాల్లో దీన్ని శోథ అంటారు గానీ ఆ మాట బయట ఎవరి నోటా వినబడదు. గాయమో క్రిమో తగిలినచోట రక్తనాళాలు వెడల్పవుతాయి, వాటి గోడల నుంచి నీరు ఊరుతుంది, రక్తంలోని తెల్లకణాలు బయటికొచ్చి గుమిగూడతాయి. ఎరుపు, వేడి, ఉబ్బు, నొప్పి వాటి వల్లే. కంటికి కనబడేంత ఉబ్బు లేకుండా కూడా ఇన్‌ఫ్లమేషన్ ఏళ్ల తరబడి సాగవచ్చు.

ఇన్ఫెక్షన్ అంటే క్రిములు ఉండకూడని చోట చేరి పెరగడం. కాలు బెణికితే చీలమండ ఉబ్బుతుంది, అక్కడ క్రిములుండవు. అది ఇన్ఫెక్షన్ లేని ఇన్‌ఫ్లమేషన్. పంటి వేరు జబ్బులో రెండూ ఉంటాయి గానీ, విచిత్రమేమంటే, చాలావరకు వేర్వేరు చోట్ల ఉంటాయి.

ఇక "నరం". "నరం తీసేశారు, నరం చచ్చిపోయింది" అంటుంటాం. పంటి మధ్యలో ఉండే ఆ మెత్తటి పదార్థంలో నరాలు ఒక భాగం మాత్రమే. రక్తనాళాలు, పంటి గోడను కట్టే కణాలు, రక్షణ కణాలు, వీటన్నిటినీ పట్టి ఉంచే జెల్లీలాంటి కణజాలం కలిస్తే అది పల్ప్. పంటి పైభాగంలో అది ఉండే ఖాళీ చిన్న గదిలా ఉంటుంది. ఆ గది నుంచి వేళ్ల కొసల దాకా దిగే సన్నటి గొట్టాలే రూట్ కెనాల్స్. అంటే రూట్ కెనాల్ అనేది మొదట ఒక చోటు పేరు. చికిత్సకు ఆ పేరు తర్వాత అంటుకుంది.

జల్లెడలాంటి గోడ

పంటి పైపూత ఎనామెల్. ఒంట్లో దానికంటే గట్టి పదార్థం లేదు. దాని కింద ఉండే డెంటిన్ చూడ్డానికి గట్టిగానే ఉంటుంది గానీ నిండా సూక్ష్మ నాళాలే. పల్ప్ దగ్గర ఒక్క చదరపు మిల్లీమీటరులో ఇవి సుమారు 45,000 ఉంటాయి, ఒక్కోటి దాదాపు 2.5 మైక్రాన్ల వెడల్పు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). లెక్క కడితే ఆ చదరపు మిల్లీమీటరులో ఐదో వంతుకు పైగా ఖాళీయే. నోటి బ్యాక్టీరియాలు చాలావరకు అర మైక్రాన్ నుంచి ఒక మైక్రాన్ లావుంటాయి. రెండు మూడు పక్కపక్కన నడిచి పోగలిగినంత దారి.

పన్ను బతికున్నంతకాలం ఆ దారి నిర్మానుష్యంగా ఏమీ ఉండదు. నాళాల లోపలి నుంచి ద్రవం బయటివైపు నెమ్మదిగా ఊరుతూ ఉంటుంది. పల్ప్ అంచున వరుసగా నిలబడ్డ కణాలు తమ కాళ్లను ఆ నాళాల్లోకి చాచి ఉంటాయి. డెంటిన్‌ను కట్టిన మేస్త్రీలు ఇవే, కాపలాదారులూ ఇవే. బ్యాక్టీరియా గోడ ముక్కలను గుర్తుపట్టే గ్రాహకాలు వీటి మీద ఉంటాయి. పుచ్చు ఇంకా డెంటిన్‌లో సగం దూరం కూడా రాకముందే, క్రిములు వదిలిన ఆమ్లాలు, విషపదార్థాలు నాళాల గుండా జారి ఈ కాపలాదారులకు తగులుతాయి. అంటే పల్ప్‌లో ఇన్‌ఫ్లమేషన్ క్రిములు రాకముందే మొదలవుతుంది, వాటి వాసన తగిలినంత మాత్రానే.

ఈ తొలి స్పందన మంచిదే. కణాలు లోపలివైపు అదనపు డెంటిన్ పోసి గోడ మందం పెంచుతాయి. పుచ్చును తీసేసి ఫిల్లింగ్ పెడితే పల్ప్ సర్దుకుంటుంది.

చల్లటి నీళ్ల నొప్పి, వేడి నొప్పి

పంటి నొప్పి ఎలా ఉందో అడిగినప్పుడు డాక్టరు నిజానికి ఏ నరం మాట్లాడుతోందో వింటున్నారు. పల్ప్‌లో ముఖ్యంగా రెండు రకాల నొప్పి నరాలుంటాయి. ఎ-డెల్టా నరాలు వేగమైనవి. చల్లటి నీళ్లు తగిలితే నాళాల్లో ద్రవం చప్పున కదిలి వీటిని కదుపుతుంది. జివ్వుమని లాగి, నీళ్లు మింగగానే పోయే నొప్పి వీటిదే. సి నరాలు నెమ్మదైనవి, పల్ప్ లోతుల్లో ఉంటాయి, దెబ్బ లోతుగా తగిలితే గానీ లేవవు. లేస్తే మాత్రం సలుపు మొదలవుతుంది. వేడి తగిలాక నిమిషాల తరబడి వదలకపోవడం, ఏమీ తగలకుండానే రాత్రివేళ లేపి కూర్చోబెట్టడం వీటి పని.

పల్ప్ చిక్కు ఏమిటంటే, దానికి ఉబ్బే చోటు లేదు. చెయ్యి వాస్తే చర్మం సాగుతుంది, డెంటిన్ గోడ సాగదు. అందుకే ఒకప్పుడు ఒక వివరణ బాగా చలామణి అయింది: పల్ప్ వాచి, వేరు కొసన రక్తనాళాలను తానే నొక్కుకుని, ఊపిరాడక ఒక్కసారిగా చచ్చిపోతుందని. వినడానికి బాగున్నా అది నిలబడలేదు. ఒత్తిడిని చోటుచోటునా కొలిచి చూస్తే, అది ఇన్‌ఫ్లమేషన్ ఉన్న మూలనే పెరిగింది, కాస్త పక్కన మామూలుగానే ఉంది. పల్ప్ చావు కొంచెం కొంచెంగా, మూలమూలగా జరుగుతుంది. ముందు చిన్న చీముగడ్డ, దాని చుట్టూ కుళ్లు, ఆ కుళ్లు కిందికి పాకడం. ఒకే పంటిలో ఒక కెనాల్‌లో పల్ప్ చచ్చి, పక్క కెనాల్‌లో బతికి అరుస్తూ ఉండవచ్చు. పన్ను తెరిచిన డాక్టరుకు ఒక ద్వారం నుంచి ఎర్రటి రక్తం, పక్క ద్వారం నుంచి బూడిదరంగు తడి, ముక్కు పుటాలు అదిరే కంపు ఒకేసారి ఎదురవడం వింతేమీ కాదు.

ఈ దశలో మత్తు ఇంజెక్షన్ సరిగ్గా పట్టకపోవడం చాలామందికి అనుభవమే. పెదవి మొద్దుబారుతుంది, పన్ను మాత్రం బతికే ఉంటుంది. ఇన్‌ఫ్లమేషన్ రసాయనాలు నరాలను అతి సున్నితంగా మార్చేస్తాయి. నొప్పి సంకేతాన్ని నడిపేవి నరం మీది సోడియం ద్వారాలు. వాటిలో మామూలు మత్తుకు అంతగా లొంగని రకం ఆ నరాల మీద పెరుగుతుంది. డాక్టరు చెయ్యి సరిలేదనుకుంటాం గానీ, తరచూ సరిలేనిది నరం.

ఇంకో ముచ్చట. పల్ప్ నొప్పి ఉన్నవారు ఏ పన్నో చెప్పలేక పై దవడో కింది దవడో తేల్చుకోలేక తికమకపడతారు. స్పర్శ ఎక్కడిదో చెప్పే నరాలు పల్ప్‌లో దాదాపు ఉండవు. అవి వేరును ఎముకకు పట్టి ఉంచే సన్నటి తంతువుల పొరలో ఉంటాయి. "ఇదిగో, ఈ పన్నే, కొరికితే నొప్పి" అని వేలు పెట్టి చూపించారంటే ఇన్‌ఫ్లమేషన్ వేరు దాటి ఆ పొరలోకి వచ్చినట్టే. ఆ పొర మందం మిల్లీమీటరులో ఐదో వంతు. అందులో నీరు చేరితే పన్ను వెంట్రుకవాసి పైకి లేస్తుంది. "ఈ పన్ను ఎత్తుగా తగులుతోంది" అనే మాట అలంకారం కాదు, అక్షరాలా నిజం.

నేరం ఎవరిదో తేల్చిన మూడు పరిశోధనలు

పల్ప్ చావుకు, ఎముక కరగడానికి కారణం క్రిములేనా, లేక చచ్చిన పల్పే విషమై ఒంటిని రెచ్చగొడుతోందా అన్నది చాలాకాలం తేలని ప్రశ్న. డబ్ల్యు. డి. మిల్లర్ అనే దంతవైద్య పరిశోధకుడు 1890ల్లోనే చెడిన పల్ప్‌లో బ్యాక్టీరియాను చూశారు. కానీ కనబడినంత మాత్రాన నేరం వాటిదే అనలేం. శవం దగ్గర ఈగలు కూడా ఉంటాయి.

1965లో అమెరికాలో కకేహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనే ముగ్గురు రెండు రకాల ఎలుకలను తీసుకున్నారు. ఒక గుంపు మామూలువి. రెండో గుంపు పుట్టినప్పటి నుంచీ ఒక్క క్రిమి సోకకుండా పెంచినవి. రెండింటికీ దవడ పంటిలో రంధ్రం చేసి పల్ప్‌ను తెరిచి అలాగే వదిలేశారు. మామూలు ఎలుకల్లో పల్ప్ కుళ్లి, వేరు కొసన చీము పట్టింది. క్రిములు లేని ఎలుకల్లో, తిన్నది ఆ రంధ్రంలో ఇరుక్కున్నా సరే, పల్ప్ చావలేదు. నాలుగు వారాల్లో రంధ్రం అడుగున కొత్త గట్టి పొర వంతెనలా కట్టుకుంది.

మనుషుల్లో ఇలాంటి ప్రయోగం చేయలేరు. స్వీడన్‌కు చెందిన సుండ్‌క్విస్ట్ 1976లో దానికి దగ్గరి దారి వెతికారు. దెబ్బ తగిలి పల్ప్ చచ్చినా పైకి పుచ్చు గానీ విరిగిన గుర్తు గానీ లేని 32 పళ్లు ఎంచుకున్నారు. వాటిలో 19 పళ్ల వేరు దగ్గర ఎముక కరిగింది, 13 పళ్ల దగ్గర కరగలేదు. కరిగిన 19లో 18 పళ్ల లోపల బ్యాక్టీరియా దొరికింది. కరగని 13లో ఒక్కదానిలోనూ దొరకలేదు. ఆ పళ్లలోనూ పల్ప్ చచ్చే ఉందన్నది గమనించాలి. 1981లో మోల్లర్ బృందం కోతుల మీద ఇదే తిప్పి చూసింది. శుభ్రమైన పద్ధతిలో పల్ప్‌ను చంపి మూసిన పళ్ల దగ్గర ఆరేడు నెలల తర్వాత కూడా వేరు చుట్టూ ఇన్‌ఫ్లమేషన్ రాలేదు. క్రిములు చేరనిచ్చిన పళ్ల దగ్గర వచ్చింది.

ఈ మూడూ కలిపి చదివితే, చచ్చిన పల్ప్ ఒంటరిగా హాని చేయదని, దాన్ని ఇల్లు చేసుకున్న క్రిములే కారణమని తేలింది. పంటి వైద్యంలో ఇంత తేటగా తేలిన సంగతులు తక్కువ.

లోపల కాపురం ఎవరిది?

నోట్లో వందల జాతుల బ్యాక్టీరియా ఉంటుంది. చచ్చిన కెనాల్‌లోకి అన్నీ నెగ్గుకు రాలేవు. మొదట వచ్చేవి పుచ్చులో ఉండే రకాలు, స్ట్రెప్టోకోకస్‌లాంటివి. ఉన్న కాస్త ఆక్సిజన్‌ను అవి వాడేస్తాయి. రక్తప్రసరణ లేదు కాబట్టి మళ్లీ ఆక్సిజన్ రాదు. ఇక అది గాలి సోకితే బతకలేని రకాలకు స్వర్గం. కుళ్లిన పల్ప్ ప్రొటీన్లు, వేరు కొస నుంచి ఊరే ద్రవం వాటికి ఆహారం. కోతుల్లో దాదాపు మూడేళ్ల దాకా గమనిస్తే, కాలం గడిచేకొద్దీ ఈ అవాయు బ్యాక్టీరియాల వాటా పెరుగుతూ పోయింది. సుండ్‌క్విస్ట్ పళ్లలో దొరికిన రకాల్లో 90 శాతానికి పైగా ఇవే. ఫ్యూసోబ్యాక్టీరియం, ప్రివొటెల్లా, పోర్ఫైరోమొనాస్, మెలి తిరిగిన ట్రెపొనీమా: పేర్లు గుర్తుండక్కర్లేదు. పన్ను తెరిచినప్పుడు వచ్చే ఆ కంపు ఇలాంటి వాటిది, ప్రొటీన్లు విరిచినప్పుడు పుట్టే గంధక వాయువులది అని గుర్తుంటే చాలు.

అవి ఒక్కొక్కటిగా ఈదుతూ ఉండవు. గోడకు అంటుకుని, తాము ఊరించిన జిగురులో గుంపులుగా పాతుకుంటాయి. దీన్నే బయోఫిల్మ్ అంటారు. వంటింటి సింకు గొట్టంలో చేతికి తగిలే జారుడు పొర అచ్చంగా ఇలాంటిదే. ఒక జాతి విసర్జించింది ఇంకో జాతికి తిండి. మందు పై పొరకు తగిలి, లోపలి పొరకు చేరేలోపే నీరసిస్తుంది. నిద్రాణంగా ఉన్న కణాల మీద చాలా మందులు పనే చేయవు.

ఇక్కడ ఒక వివాదం ఉంది. రూట్ కెనాల్ చేసిన పన్ను కొన్నేళ్లకు మళ్లీ చెడితే, లోపల తరచూ దొరికేది ఎంటెరోకోకస్ ఫీకాలిస్ అనే బ్యాక్టీరియా. ఇది మొండి ఘటం. లోపల పెట్టే కాల్షియం హైడ్రాక్సైడ్ మందు క్షారతను కూడా, తన కణంలోకి ప్రోటాన్లను లాక్కుంటూ కొంతవరకు తట్టుకుంటుంది. నెలల తరబడి పస్తులుండగలదు. అందుకని చాలాకాలం "రూట్ కెనాల్ ఫెయిల్ అయితే దోషి ఇదే" అని పాఠ్యపుస్తకాలు వేలు చూపించాయి. తర్వాత డీఎన్‌ఏ ఆధారంగా వెతికే పద్ధతులు వచ్చాక, జబ్బు లేని, బాగా మానిన పళ్లలోనూ ఇది కనబడింది. కొన్ని చెడిన పళ్లలో అసలు లేదు. ఇప్పుడు ఎక్కువమంది మొగ్గేది గుంపు సిద్ధాంతం వైపు: ఒక్క విలన్ లేడు, ఏ కలయిక ఎంత బలంగా ఉందన్నదే ముఖ్యం. నాకూ అదే సబబనిపిస్తుంది. ఎంటెరోకోకస్ గట్టిగా బతుకుతుందన్నది నిజం. బతికిందల్లా హాని చేసిందనడానికి మాత్రం అది సరిపోదు.

వేరు బయట: కంచే చేను మేసినట్టు

ఇప్పుడు ఆ సన్నటి రంధ్రం దగ్గరికి వద్దాం. పల్ప్ బతికున్నప్పుడు రక్తం, రక్షణ కణాలు లోపలికి వెళ్లే దారి అదే. పల్ప్ చచ్చాక దారి మూసుకుపోయింది. తెల్లకణాలు లోపలికి వెళ్లి క్రిములను పట్టలేవు. క్రిములేమో విషాలు, గోడ ముక్కలు, అప్పుడప్పుడు తామే స్వయంగా బయటికి తోస్తూ ఉంటాయి. కోటలో దొంగలున్నారు, సైన్యం కోట బయట కాపలా కాస్తోంది. లోపలివాళ్లు చావరు, బయటివాళ్లు ఇంటికి పోరు.

మొదట న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వస్తాయి, తమలోని ఎంజైములు కుమ్మరిస్తాయి, చస్తాయి. చీములో ఎక్కువ భాగం వాటి శవాలే. వెనకాల మాక్రోఫేజులు, లింఫోసైట్లు అనే ఇతర రక్షణ కణాలు చేరతాయి. ఇవన్నీ ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్‌ఎఫ్ లాంటి సంకేతాలు పంపుతాయి. ఆ సంకేతాలు చివరికి ర్యాంక్-ఎల్ అనే ప్రొటీన్‌ను పెంచుతాయి. ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణాలు తయారవడానికి కావలసిన తాళంచెవి అదే. అవి ఎముక మీద అతుక్కుని ఆమ్లం వదిలి కరిగిస్తాయి.

అంటే ఎక్స్‌రేలో కనబడే ఆ నల్లటి మచ్చను తొలిచింది ఎక్కువభాగం బ్యాక్టీరియా కాదు, మన ఒంటి కణాలే. కంచే చేను మేసినట్టు. అయితే ఒంటిని మరీ తిట్టుకోనక్కర్లేదు. ఎముక క్రిములతో నిండితే ఆ ఇన్ఫెక్షన్ వదిలించడం నరకం. అందుకే ఒళ్లు ఎముకను వెనక్కి జరిపి, ఆ ఖాళీలో రక్తనాళాలతో, రక్షణ కణాలతో నిండిన మెత్తటి కణజాలాన్ని నింపుతుంది. దీన్నే గ్రాన్యులోమా అంటారు. కొంత భూమి వదులుకుని గట్టి సరిహద్దు కట్టుకోవడం అన్నమాట. నష్టమే, కానీ లెక్కచూసి చేసుకున్న నష్టం.

నొప్పి లేని రెండో పన్ను కథ ఇదే. పల్ప్ పూర్తిగా చచ్చింది కాబట్టి అరిచే నరం లేదు. బయట పోరు తూకంలో ఉంది కాబట్టి ఒత్తిడి లేదు. నివురుగప్పిన నిప్పులా ఏళ్లు గడుస్తాయి. క్రిముల బలం పెరిగినా, ఒంటి బలం తగ్గినా తూకం తప్పుతుంది. రాత్రికి రాత్రి బుగ్గ ఉబ్బి తెల్లారేసరికి కన్ను మూసుకుపోయేది అప్పుడే. కొన్నిసార్లు చీము ఎముకను తొలిచి చిగురు మీద చిన్న పొక్కులా తెరుచుకుంటుంది. దారి దొరికింది కాబట్టి నొప్పి ఉండదు. మనం దాన్ని వేడి పొక్కు అనుకుని వదిలేస్తాం.

మొదటి పన్నుకు ఎక్స్‌రే ఎందుకు శుభ్రంగా ఉందో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. పోరు ఇంకా గోడల లోపలే ఉంది, ఎముక దాకా రాలేదు. పైగా మామూలు ఎక్స్‌రేలో మచ్చ కనబడాలంటే ఖనిజం 30 నుంచి 50 శాతం దాకా పోవాలి, అదీ గట్టి పైపొర దెబ్బతినాలి. లోపలి మెత్తటి ఎముకలో కరిగినది ఫిల్మ్ మీద దాగిపోగలదు. దవడను అన్ని వైపుల నుంచీ త్రీడీలో చూపే సీబీసీటీ స్కాన్‌లో అది ముందే దొరుకుతుంది.

ఆ మచ్చను చూసి "సిస్ట్ (పొర కట్టిన తిత్తి) ఉంది" అనేయడం తరచూ వింటాం. 1996లో నాయర్ బృందం పంటితో సహా తీసిన 256 మచ్చలను పొర పొరగా కోసి మైక్రోస్కోపు కింద చూస్తే, 50 శాతం గ్రాన్యులోమాలు, 35 శాతం చీముగడ్డలు, నిజమైన అర్థంలో సిస్టులు 15 శాతమే. ఎక్స్‌రే మచ్చ పరిమాణం చెబుతుంది, దాని జాతి చెప్పదు.

యాంటీబయాటిక్ మాత్ర ఎక్కడిదాకా వెళుతుంది?

మాత్ర కడుపులోంచి రక్తంలోకి, రక్తం నుంచి కణజాలంలోకి వెళుతుంది. చచ్చిన కెనాల్‌లో రక్తం లేదు. కాబట్టి మందు వేరు కొస దాకా వచ్చి బయట నిలబడుతుంది. బయటికొచ్చిన క్రిములను చంపుతుంది, ఉబ్బు తగ్గుతుంది, "మాత్రలతో నయమైంది" అనిపిస్తుంది. లోపలి బయోఫిల్మ్ చెక్కుచెదరదు. కోర్సు అయ్యాక కొన్నాళ్లకో నెలలకో కథ మళ్లీ మొదలు.

పల్ప్ ఇంకా బతికుండి సలుపుతున్న దశలో మరీ వింత. అక్కడ రక్తం ఉంది, మందు చేరుతుంది, కానీ నొప్పి ఇన్‌ఫ్లమేషన్‌ది. ఆ దశలో పెన్సిలిన్ ఇచ్చినా ఇవ్వకపోయినా నొప్పిలో తేడా లేదని 40 మంది మీద జరిగిన ఒక ట్రయల్ చూపింది. చిన్న ట్రయలే. కానీ దాన్ని కాదనే ఆధారం రాలేదు. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019 మార్గదర్శకాలు కూడా, పంటికి నేరుగా చికిత్స అందే పరిస్థితుల్లో చాలా కేసులకు యాంటీబయాటిక్ సిఫార్సు చేయలేదు. జ్వరం, నీరసం, మెడ వైపు పాకే వాపు ఉంటే అది వేరే సంగతి. నాలుక కింద, దవడ కింద రెండువైపులా గట్టిగా వాచి ఊపిరికి అడ్డుపడే లుడ్విగ్స్ ఆంజైనా ప్రాణాల మీదికి తెస్తుంది. అక్కడ మందులు, ఆసుపత్రి రెండూ కావాలి.

ఎంత శుభ్రం చేస్తే శుభ్రం?

రూట్ కెనాల్ చికిత్స అంటే లోపలి కాపురాన్ని ఖాళీ చేయించి, తలుపులు మూయడం. ఫైళ్లతో గోడలు గీకుతారు, సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో కడుగుతారు. గాయాలు కడగడానికి దీన్ని మొదటి ప్రపంచ యుద్ధంలో డాకిన్ ప్రసిద్ధం చేశారు. ఇంట్లో తెల్లబట్టలకు వాడే బ్లీచ్‌కు ఇది చుట్టమే. క్రిములనూ చంపుతుంది, కుళ్లిన పల్ప్‌నూ కరిగిస్తుంది. ఈ రెండో గుణం ఉన్న మందులు తక్కువ, అందుకే ఇన్నేళ్లయినా దీని పీఠం కదల్లేదు.

కానీ కెనాల్ గుండ్రటి గొట్టం కాదు. చదునుగా, పక్కలకు రెక్కలు చాచి, పక్క కెనాల్‌తో సన్నటి సందులతో కలిసి, కొసన చెట్టు వేళ్లలా చీలి ఉంటుంది. పంటి లోపలి ఆకారాన్ని సూక్ష్మంగా చూపే మైక్రో సీటీ స్కాన్‌తో చికిత్సకు ముందూ తర్వాతా పోల్చి చూస్తే, గోడల వైశాల్యంలో 35 శాతమో అంతకంటే ఎక్కువో ఫైలు తగలకుండానే మిగిలింది. ఒక లెక్క వేద్దాం. లోపల కోటి క్రిములున్నాయనుకోండి. 99.9 శాతం చస్తే అద్భుతం అంటాం. మిగిలినవి పదివేలు.

మరి పళ్లు మానడం ఎలా? మిగిలినవాటికి తిండి, నీరు అందకుండా మూసేస్తే, చాలావరకు సమాధి అయినట్టే. బయట సైన్యానికి లోపలి నుంచి రెచ్చగొట్టేది ఏమీ రాకపోతే అది వెనక్కి తగ్గుతుంది, ఎముక తిరిగి కట్టుకుంటుంది. మచ్చ పూర్తిగా పోవడానికి ఏడాది నుంచి నాలుగేళ్లు పట్టవచ్చు. అందుకే ఆరు నెలల ఎక్స్‌రేలో మచ్చ చిన్నదై కనబడితే డాక్టరు ఊరుకుంటారు, మనం టెన్షన్ పడతాం.

అయితే మిగిలిన క్రిములకు విలువ లేదనుకోకూడదు. స్యోగ్రెన్ బృందం 1997లో 55 పళ్లను ఐదేళ్లు గమనించింది. మూసేముందు పరీక్షలో క్రిములు దొరకని పళ్లలో 94 శాతం మానాయి. దొరికినవాటిలో 68 శాతమే. దీన్ని చూపించి కొందరు "ఒకే సిట్టింగ్‌లో ముగించకూడదు, మధ్యలో కాల్షియం హైడ్రాక్సైడ్ పెట్టి మిగిలినవాటిని చంపాలి" అంటారు. రెండోవైపువాళ్లు తిప్పి చదువుతారు: క్రిములున్నా 68 శాతం మానాయి కదా, పైగా మధ్యలో తాత్కాలిక ఫిల్లింగ్ లీకైతే కొత్తవి చేరతాయి. వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ, ట్రయల్స్‌ను కలిపి చూసిన సమీక్షల్లో దీర్ఘకాల ఫలితంలో ఈ రెండు పద్ధతులకీ స్పష్టమైన తేడా తేలలేదు. ఒకే సిట్టింగ్‌లో అయితే మొదటి వారం నొప్పి కాస్త ఎక్కువని మాత్రం కనబడింది. వాదన ఆగలేదు గానీ, పంటిని బట్టి నిర్ణయించడం వైపే ఆచరణ మొగ్గింది.

గుండె, షుగర్: పాత భయం, కొత్త ప్రశ్న

"రూట్ కెనాల్ పళ్లు ఒంట్లో రోగాలకు మూలం" అనే వీడియోలు వస్తూనే ఉంటాయి. ఈ భయానికి వందేళ్లు దాటాయి. 1910లో విలియం హంటర్ అనే వైద్యుడు మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో, నోట్లో దాగిన క్రిములే ఎన్నో రోగాలకు మూలమని ప్రసంగించాడు. 1920ల్లో వెస్టన్ ప్రైస్ రోగుల పళ్లను కుందేళ్ల చర్మం కింద పెట్టి, అవి జబ్బు పడ్డాయని ప్రకటించాడు. కీళ్లనొప్పులు పోతాయన్న ఆశతో లెక్కలేనన్ని మంచి పళ్లు పీకేశారు. 1938లో 200 మంది కీళ్లవాత రోగులను విశ్లేషించిన వ్యాసం పళ్లు, టాన్సిల్స్ తీయడం వల్ల చెప్పుకోదగ్గ మేలు లేదని తేల్చింది. ప్రైస్ ప్రయోగాల్లో సరైన పోలిక గుంపులు లేవు, పళ్లను పీకేటప్పుడే చిగుళ్ల క్రిములు అంటుకుంటాయి.

ఆ సిద్ధాంతం కూలింది. అయినా ప్రశ్న పూర్తిగా చావలేదు. చికిత్స చేయని వేరు ఇన్‌ఫ్లమేషన్ ఉన్నవారిలో గుండె రక్తనాళాల జబ్బు ఎక్కువగా కనబడుతోందని కొన్ని అధ్యయనాలు అంటాయి. పొగతాగే వ్యక్తిని ఊహించుకోండి. పొగ వల్ల గుండెకూ నష్టమే, నోటికీ నష్టమే. రెండు జబ్బులూ ఒకే మనిషిలో కనబడతాయి, ఒకటి ఇంకోదానికి కారణమని చెప్పడానికి అది చాలదు. షుగర్ విషయంలో ఒక దిశ కాస్త గట్టిగా ఉంది: చక్కెర అదుపులో లేకపోతే వేరు దగ్గర ఎముక మానడం నెమ్మదిస్తుంది. ఇక్కడ ఇంకో తేడా కలిపేయకూడదు. అధ్యయనాలు అనుమానించేది లోపల మురిగే ఇన్ఫెక్షన్‌ను. భయపెట్టే వీడియోలు దోషిగా చూపేది దాన్ని తీసేసే చికిత్సను.

"ఇక కోలుకోదు" అన్న మాట మీద కొత్త సందేహం

పల్ప్ ఇన్‌ఫ్లమేషన్‌ను కోలుకునేది, కోలుకోనిది అని రెండుగా విడదీయడం పాత అలవాటు. వేడి నొప్పి ఆగకుండా ఉంటే కోలుకోనిది, పల్ప్ మొత్తం తీసేయడమే దారి. ఇప్పుడు ఆ గీతే కదులుతోంది. ఇన్‌ఫ్లమేషన్ మూలమూలగా నడుస్తుందని ముందే చూశాం. పై గదిలో పల్ప్ పాడైనా వేళ్లలోది ఆరోగ్యంగా ఉండవచ్చు. 1990ల్లో ఎంటీఏ అనే సిమెంటు వచ్చాక, పాడైన పైభాగాన్ని మాత్రమే కోసి, మిగిలినదాని మీద ఆ సిమెంటు కప్పి పల్ప్‌ను బతికించే పల్పాటమీ పెద్దవాళ్ల శాశ్వత దంతాల్లోనూ మంచి ఫలితాలిస్తోంది. యూరప్, అమెరికాల్లో రూట్ కెనాల్ నిపుణుల (ఎండోడాంటిక్) సంఘాలు రెండూ 2019, 2021 ప్రకటనల్లో దీనికి చోటిచ్చాయి. ఒప్పుకోనివారి మాటా వినదగ్గదే: చాలా అధ్యయనాలు కొద్ది ఏళ్లవే, పదేళ్ల తర్వాత ఆ కెనాల్ సన్నబడి మూసుకుపోతే అప్పుడు రూట్ కెనాల్ చేయడం మరింత కష్టం.

ఎక్కడిదాకా కోయాలో చెప్పే యంత్రం ఇంకా లేదు. డాక్టరు చూసేది రక్తాన్ని. పైభాగం తీసేశాక, హైపోక్లోరైట్‌లో తడిపిన చిన్న దూది ఉండను కెనాల్ ద్వారాల మీద అదిమి కొన్ని నిమిషాలు ఆగుతారు. దూది తీసినప్పుడు ద్వారం దగ్గర లేత ఎరుపు చుక్క నిలకడగా ఉంటే, కింది పల్ప్‌లో ఇన్‌ఫ్లమేషన్ తక్కువని లెక్క, సిమెంటు కప్పుతారు. ముదురు రక్తం ఊరుతూనే ఉంటే ఇంకాస్త లోతుకు వెళతారు, లేదా మొత్తం తీసేస్తారు. నాలుగు ద్వారాల్లో మూడు ఆగి, నాలుగోది ఆగని పళ్లూ ఉంటాయి.